మా పబ్ బార్ మీద ఏడు పంపులు: తాగి చెప్తున్న రివ్యూ

పబ్ పేరు రాయడం లేదు. దాన్ని నడిపే ఆయన ఆ భవనాన్ని ఒక కంపెనీ దగ్గర లీజుకి తీసుకున్నాడు. ఆయన నాతో అన్న మాటలు కొన్ని ఇందులో ఉన్నాయి. అవి ఆ కంపెనీవాళ్ళ కంటబడితే నాకేం కాదు, ఆయనకే ఇబ్బంది. ఈశాన్య లండన్, విక్టోరియా లైన్ చివరి స్టేషన్లలో ఒకటి, అక్కడినుంచి కాస్త నడక. అంతవరకు తెలిస్తే చాలు. ఎలాగూ నేను మార్కులు వేయబోయేది పబ్‌కి కాదు, దాని బార్ మీద వరసగా నిలబడ్డ ఏడు పంపులకి.

మంగళవారం సాయంత్రాలు అక్కడ క్విజ్ ఉంటుంది. మా జట్టులో నేను, మా ఆయన, డెబ్బై దాటిన ఒక పెద్దాయన, ఆయన పక్కింట్లో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. నలుగురం ఎంత కొట్లాడుకున్నా ప్రశ్నకి ఒక జవాబు మీదికి వస్తాం గానీ ఒకే బీరు మీదికి ఎన్నడూ రాలేదు. భీమవరం పిల్లకి బీర్ల గురించి ఇంత జ్ఞానం ఎందుకమ్మా అని మా మేనత్త ఫోన్లో అడిగింది. రోజంతా చీకటి గదిలో ఎక్స్‌రేలు తీసేదాన్ని, సాయంత్రం నాలుగు రంగులు చూడాలి కదత్తయ్యా అన్నాను. ఫోన్ మా మావయ్యకి ఇచ్చేసింది.

వరస ఇది. చేత్తో లాగే పంపులు మూడు: లండన్ ప్రైడ్, హార్వీస్ బెస్ట్, మూడోది మారుతూ ఉండే గెస్ట్ బీరు. మీట నొక్కితే వచ్చే కెగ్ ట్యాపులు నాలుగు: క్యామ్‌డెన్ హెల్స్, నెక్ ఆయిల్, మాద్రీ, గిన్నెస్. వెనక ఫ్రిజ్‌లో సీసాలు. పేర్లు చూస్తే ఏడు ఊళ్ళ, ఏడు కథల బీర్లు. యజమానుల పేర్లు పక్కన రాసుకుంటూ పోతే ఆ ఏడింట్లో అయిదు, అయిదు మహా కంపెనీలవి: జపాన్ అసాహీ, బెల్జియం కేంద్రంగా ఉన్న ఏబీ ఇన్‌బెవ్, డచ్చి హైనెకెన్, ఉత్తర అమెరికా మోల్సన్ కూర్స్, బ్రిటిష్ డియాజియో. మిగిలిన రెండు చేతి పంపులే ఎవరి పెత్తనమూ లేనివి. ఈ సంగతి బార్ మీద ఎక్కడా రాసి ఉండదు.

ప్రైడ్‌తో మొదలుపెడతాను. పెద్దాయన అది తప్ప తాగడు. ఆయన తలుపు తోయడం చూసి బార్ వెనక అమ్మాయి గ్లాసు అందుకుంటుంది, ఆయన నోరు తెరిచే పని లేదు. 4.1 శాతం ఆల్కహాల్, రాగి రంగు. ముందు మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, తియ్యదనం, వెనకాలే కాస్త నారింజ తొక్క చేదు, ఆఖర్న నోరు పొడిగా అవుతుంది. ఆ పొడిదనమే ఇంకో గుక్క తాగిస్తుంది. 1979లో క్యామ్రా, అంటే కాస్క్ బీరు బతకాలని 1971లో పుట్టిన తాగేవాళ్ళ సంఘం, దీన్ని బ్రిటన్ చాంపియన్ బీరుగా ఎంచింది. అప్పటికి పెద్దాయన పాతికేళ్ళవాడు. ఆయన లెక్కలో ఆ బహుమతి కొంత ఆయనది కూడా.

కాస్క్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కెగ్ బీరుని వడకట్టి, సాధారణంగా వేడి చేసి ఈస్ట్‌ని చంపి, గ్యాస్ ఒత్తిడితో పైకి తోస్తారు. చల్లగా ఉంటుంది, వారాలపాటు ఒకేలా ఉంటుంది. కాస్క్‌లో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పబ్ కింద సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర అది తన పని తాను పూర్తిచేసుకుంటుంది. మన ఇడ్లీ పిండి లాంటి వ్యవహారం: పులుస్తూనే ఉంటుంది, ఎప్పుడు వాడాలో తెలిసిన చెయ్యి కావాలి. పీపా తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోకపోతే గాలి తగిలి చప్పబడుతుంది, తర్వాత పులుపెక్కుతుంది. అందుకే కాస్క్ బీరు రివ్యూలో సగం మార్కులు బ్రూవరీవి, సగం సెల్లార్‌వి. మా పబ్‌లో సెల్లార్ మార్కులు పూర్తిగా ఇచ్చేస్తాను. అక్కడ మబ్బు పట్టిన ప్రైడ్ నా చేతికి రాలేదు. వేరే పేటలో ఒక పబ్‌లో వెనిగర్‌కి దగ్గరగా ఉన్న పైంట్, అంటే అర లీటరు పైచిలుకు గ్లాసు, పోశారు. తిరిగి బార్ మీద పెట్టి చెప్తే మారుమాట లేకుండా మార్చారు. ఇక్కడ అది మర్యాదే, మొహమాటపడక్కర్లేదు. మనవాళ్ళు మొహమాటానికి తాగేస్తారు, అందుకని చెప్తున్నాను.

ఈ ప్రైడ్‌ని చేసేది పడమటి లండన్ చిజిక్‌లో, థేమ్స్ నది దగ్గర గ్రిఫిన్ బ్రూవరీలో. గోడమీద రెండు వందల ఏళ్ళ విస్టీరియా తీగ పాకి ఉంటుంది. ఫుల్లర్, స్మిత్, టర్నర్ కుటుంబాలు 1845లో కలిసి పెట్టిన కంపెనీ 2019 జనవరిలో తన బీరు వ్యాపారాన్ని మొత్తం అసాహీకి 25 కోట్ల పౌండ్లకి అమ్మేసింది. పబ్బుల్ని తన దగ్గరే ఉంచుకుంది. అంటే ఫుల్లర్స్ పేరున్న పబ్ ఒకరిది, ఫుల్లర్స్ పేరున్న బీరు ఇంకొకరిది. ఈ వార్త వచ్చినప్పుడు పెద్దాయన ఏమన్నాడో నాకు తెలియదు, అప్పటికి మా జట్టు లేదు. ఇప్పుడు అడిగితే మాత్రం భుజాలు ఎగరేస్తాడు. చేసే చోటు అదే, రుచి అదే, యజమాని జపాన్‌లో ఉంటే నాకేంటి అంటాడు. కుర్రాడు ఊరుకోక ఆయనకి పరీక్ష పెట్టాడు. ఆయన బాత్‌రూమ్‌కి వెళ్ళినప్పుడు ప్రైడ్ ఒక హాఫ్ (అర పైంట్), అదే రంగులో ఉన్న గెస్ట్ బీరు ఒక హాఫ్ తెచ్చి ఏది ఏదో చెప్పకుండా పెట్టాడు. ఆయన రెండూ చూసి ఒకదాన్ని దగ్గరికి లాక్కున్నాడు, ఇది నాది అన్నాడు. ప్రైడే. రెండోది కూడా బాగుందని ఒప్పుకున్నాడు, కానీ మళ్ళీ ముట్టుకోలేదు. దాన్ని నేను తాగాను.

చిజిక్ చిజిక్‌లోనే ఉంది కాబట్టి ఆయన నిబ్బరంగా ఉన్నాడు. డార్క్ స్టార్ అభిమానులకి ఆ అదృష్టం లేదు. 1994లో బ్రైటన్‌లో ఈవినింగ్ స్టార్ అనే పబ్ సెల్లార్‌లో మొదలైన బ్రూవరీ అది. వాళ్ళ హాప్‌హెడ్ 3.8 శాతమే ఉంటుంది గానీ ఎల్డర్‌ఫ్లవర్ వాసనతో, సన్నగా, చక్కగా ఉండే బీరు. 2018లో ఫుల్లర్స్ వాళ్ళని కొంది. ఏడాది తిరిగేసరికి ఫుల్లర్స్ బీర్లతో పాటు అసాహీ చేతికి వెళ్ళింది. 2022 చివర్లో ససెక్స్‌లోని పార్ట్రిడ్జ్ గ్రీన్ బ్రూవరీని మూసేస్తున్నామన్నారు, తయారీని గ్రెనిచ్‌లోని మీన్‌టైమ్‌కి మార్చారు. ఆ మీన్‌టైమ్ కూడా ఒకప్పుడు సొంత కాళ్ళ మీద నిలబడ్డ బ్రూవరీయే. 2015లో అప్పటి మరో మహా కంపెనీ శాబ్‌మిల్లర్ కొంది, మర్నాడే అన్నట్టు శాబ్‌మిల్లర్‌ని ఏబీ ఇన్‌బెవ్ కొంటూ పోటీ చట్టాల కోసం దాన్ని పెరోని, గ్రోల్ష్ బీర్లతో కలిపి అసాహీకి వదిలేసింది. 2024లో గ్రెనిచ్ కూడా మూతపడి పని చిజిక్‌కి చేరింది. ససెక్స్‌లో ఉండి ఇది మా ఊరి బీరు అని తాగినవాడి సంగతి ఆలోచించండి. అతను పబ్ మారలేదు, బీరు మారలేదు, అతని చేతిలో గ్లాసు కదలకుండానే ఊరు మాత్రం కదిలిపోయింది.

ఇక కెగ్ ట్యాపులకి వస్తే, క్యామ్‌డెన్ హెల్స్ నాకు ఇష్టం. దాచుకోను. 4.6 శాతం లాగర్, అంటే చల్లగా పులియబెట్టే బీరు, జర్మన్ పద్ధతి. శుభ్రంగా, కాస్త రొట్టె వాసనతో, చేదు ఎంతుండాలో అంతే. ఎండ కాసిన రోజున పబ్ వెనక పెరట్లో కూర్చుని తాగడానికి దీన్ని మించింది ఆ వరసలో లేదు. దీన్ని 2010లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా ఆయన అంతకుముందు హ్యాంప్‌స్టెడ్‌లో ఒక పబ్ నడుపుతూ దాని బేస్‌మెంట్‌లో బీరు కాచేవాడు. 2015లో మామూలు తాగేవాళ్ళ దగ్గరే వాటాలు అమ్మి 27.5 లక్షల పౌండ్లు పోగుచేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఏబీ ఇన్‌బెవ్‌కి అమ్మేశారు, ధర 8.5 కోట్ల పౌండ్లని పత్రికలు రాశాయి. అప్పుడు చాలామంది గొంతు చించుకున్నారు. స్కాట్లండ్ బ్రూవరీ బ్రూడాగ్ అయితే తన బార్లలో క్యామ్‌డెన్ బీరు అమ్మనని ప్రకటించింది. రెండేళ్ళకి, 2017లో, ఆ బ్రూడాగే అమెరికన్ పెట్టుబడి సంస్థ టీఎస్‌జీకి సుమారు 22 శాతం వాటా అమ్ముకుంది. నవ్వాలో వద్దో మీ ఇష్టం.

కొత్త యజమాని డబ్బుతో ఎన్‌ఫీల్డ్‌లో పెద్ద బ్రూవరీ కట్టారు, 2017లో తెరిచారు. బీరు నిలకడ దానివల్ల పెరిగిందే తప్ప తగ్గలేదని నా నాలుక సాక్ష్యం. పెద్ద కంపెనీ కొనగానే బీరు నీళ్ళవుతుందన్నది పబ్‌లలో అందరూ చెప్పే మాట. కొన్నిచోట్ల నిజమే కావచ్చు, హెల్స్ విషయంలో నాకు అనిపించలేదు. ల్యాబ్‌లు, మంచి ఈస్ట్, శుభ్రమైన పైపులు ఉన్నవాడు లాగర్ చెడగొట్టడానికి కారణం కూడా ఉండాలి కదా. నా ఫిర్యాదు గ్లాసులో ఉన్నదాని మీద కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నెక్ ఆయిల్ కుర్రాడిది. 4.3 శాతం, పల్చటి బంగారు రంగు, గ్రేప్‌ఫ్రూట్, పీచ్ వాసనలు గుప్పుమంటాయి, ఒళ్ళు మాత్రం తేలిక. ట్యాప్ మీద పుర్రెలు, అంతరిక్ష నౌకలు. బీవర్‌టౌన్‌ని లోగన్ ప్లాంట్, రాక్ బృందం లెడ్ జెపెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కొడుకు, 2011-12 ప్రాంతంలో హ్యాక్నీ దగ్గర ఒక బార్బెక్యూ రెస్టారెంట్ వంటగదిలో మొదలుపెట్టాడు. 2018లో హైనెకెన్ 4 కోట్ల పౌండ్లు పెట్టి కొంత వాటా కొంది. అప్పట్లో వాళ్ళు జరపబోయే బీరు ఉత్సవం నుంచి మాంచెస్టర్ క్లౌడ్‌వాటర్ లాంటి బ్రూవరీలు తప్పుకున్నాయి. మా కుర్రాడు అప్పుడు కాలేజీలో ఉన్నాడు. స్నేహితులతో కలిసి నెక్ ఆయిల్ మానేశానని, డబ్బాల మీది పుర్రె బొమ్మల పోస్టర్ గోడ మీంచి చింపేశానని చెప్తాడు. 2022లో హైనెకెన్ మిగతా వాటా కూడా తీసేసుకుంది. ఈ మధ్యలో ఎప్పుడో కుర్రాడు తిరిగి నెక్ ఆయిల్‌కి వచ్చేశాడు.

ఎలా వచ్చావని నిలదీశాను. ఆఫీసువాళ్ళతో ఏ పబ్‌కి వెళ్ళినా, స్టేడియానికి వెళ్ళినా, రైల్వేస్టేషన్ బార్‌లో అయినా కాస్త హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) వాసన వచ్చే బీరు అదొక్కటే ఉండేదట. మొదటిసారి వేరేది లేక తాగాడు. తర్వాత అలవాటైంది. ఇప్పుడు పక్కన మరో చిన్న బ్రూవరీ బీరు ఉన్నా, బాగుంటుందో లేదో అని టెన్షన్ ఎందుకని పుర్రె వైపే వేలు చూపిస్తాడు. సైజులో పెద్దదవడం అంటే ఇదే. పెద్ద కంపెనీకి నిన్ను ఒప్పించాల్సిన అవసరం లేదు, నువ్వు వెళ్ళే ప్రతిచోటా ముందే వచ్చి నిలబడితే చాలు. బీరుగా నెక్ ఆయిల్‌కి నా మార్కులు పదికి ఆరు. మొదటి పావు గ్లాసు ఉత్సాహంగా ఉంటుంది, ఆ తర్వాత వాసన తప్ప రుచి మిగలదు. కుర్రాడు ఎనిమిది వేయమంటున్నాడు. అతని రివ్యూ అతన్ని రాసుకోమన్నాను.

మాద్రీ మీద ఎక్కువ సిరా ఖర్చుపెట్టను. ఎర్రటి ట్యాపు, స్పెయిన్ టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మ, మాడ్రిడ్ ఆత్మ అన్న నినాదం. 2020లో మోల్సన్ కూర్స్, స్పెయిన్‌లోని లా సాగ్రా బ్రూవరీతో పేరు కలిపి బ్రిటన్‌లో తెచ్చింది. కాచేది యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్‌లో. చల్లగా ఉంది, తియ్యగా ఉంది, అయిపోయింది. దీనికీ వీరాభిమానులున్నారు, డార్ట్స్ బోర్డు దగ్గర ఉండే గుంపు మొత్తం ఇదే. ఎవరో చిన్నవాళ్ళ బ్రూవరీని కొనడం కూడా దండగనుకుంటే, నేరుగా ఒక ఊరి జ్ఞాపకాన్నే తయారుచేసి ట్యాప్‌కి తగిలించవచ్చని ఇది చూపించింది. వ్యాపారంగా మెచ్చుకోవాలి. బీరుగా, నాలుగు.

గిన్నెస్‌కి రివ్యూ అక్కర్లేదు, అది తాగేవాళ్ళు రివ్యూలు చదవరు. 2024 డిసెంబర్‌లో డిమాండ్ ఎక్కువై డియాజియో బ్రిటన్ పబ్బులకి కోటా పెట్టినప్పుడు మాత్రం వాళ్ళ ముఖాలు చూడాల్సింది. మిగతా ఆరు పంపుల్లో ఏదో ఒకటి తాగొచ్చు కదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఫ్రిజ్ దగ్గరికి వస్తే అక్కడ మా ఆయన. ఆయనది కోబ్రా. ఇది కర్రీ రెస్టారెంట్లలో తాగే బీరు కదా, పబ్‌లో ఎందుకు అంటే, "మనోడిది" అంటాడు. నిజమే, కోబ్రా పెట్టిన కరణ్ బిలిమోరియా పుట్టింది హైదరాబాద్‌లో. ఇక్కడ లార్డ్ కూడా అయ్యాడు. మసాలా భోజనంతో లాగర్ గ్యాస్ కడుపు ఉబ్బిస్తోందని, ఏల్ (ప్రైడ్ లాంటి పాత ఇంగ్లిష్ తరహా బీరు) లాగా నునుపుగా లాగర్ లాగా చల్లగా ఉండే బీరు కావాలని 1989లో మొదలుపెట్టాడు. తొలి సీసాలు బెంగళూరు నుంచి వచ్చాయి. 2009లో కంపెనీ అప్పుల్లో కూరుకుపోతే మోల్సన్ కూర్స్ 50.1 శాతం తీసుకుంది. ఇప్పుడు కాచేది ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊళ్ళో. అంటే మా ఆయన తాగే మనోడి బీరు, ఆయన వెక్కిరించే మాద్రీ, ఒకే ఇంటి సరుకు. ఈ సంగతి చెప్పాను. కొంచెంసేపు సీసా తిప్పి తిప్పి లేబుల్ చదివాడు. "అయితే ఏంది, పేరు పెట్టింది మనోడే గదా" అని మిగతాది తాగేశాడు. పెద్దాయనకి జపాన్ అడ్డురానట్టే ఈయనకి అమెరికా అడ్డురాలేదు.

ఇదంతా చూశాక నాకు తేలిందేమంటే, తాగేవాడి విధేయత కంపెనీ మీద ఉండదు. అది పంపు మీది బొమ్మ మీద, మొదటి గుక్క జ్ఞాపకం మీద, ఎవరితో తాగామన్నదాని మీద ఉంటుంది. కోట్లు పోసి కొనేది సరిగ్గా దాన్నే. స్టీలు ట్యాంకులు ఎవరైనా కొనుక్కోవచ్చు. పెద్దాయన తలుపు తోయగానే గ్లాసు అందుకునే ఆ చెయ్యిని కొత్తగా తయారుచేయడం ఎవరివల్లా కాదు. అందుకే కొన్నాక పేరు మార్చరు, బొమ్మ మార్చరు, కొత్త యజమాని పేరు లేబుల్ మీద పెద్దక్షరాల్లో వేయరు.

అయితే ఆ విధేయతకి ఎప్పుడైనా కోపం వస్తుందా? వస్తుంది, దానికి సాక్ష్యం మా బార్ మీద రెండో చేతి పంపు. హార్వీస్ బెస్ట్, 4 శాతం, ససెక్స్‌లోని లూయిస్ ఊళ్ళో 1790 నుంచి ఉన్న కుటుంబ బ్రూవరీది. ముదురు రాగి రంగు, మట్టి వాసన కలిసిన హాప్స్ చేదు, కాస్త పుల్లటి పండు. మొదటిసారి తాగితే ఇదేం బీరు అనిపిస్తుంది, మూడోసారికి మిగతావి చప్పగా అనిపిస్తాయి. ఈ వరసలో నా నంబర్ వన్ ఇదే, తొమ్మిది. పది ఎందుకు కాదంటే శీతాకాలంలో దీన్ని మించిన పోర్టర్, అంటే నల్లటి బీరు, వాళ్ళే చేస్తారు.

లూయిస్‌లో లూయిస్ ఆర్మ్స్ అని ఒక పాత చిన్న పబ్ ఉంది, హార్వీస్ బ్రూవరీకి నడిచి వెళ్ళేంత దూరంలో. 2006లో ఆ పబ్ గ్రీన్ కింగ్ అనే పెద్ద కంపెనీ చేతిలో ఉండేది. ఆ డిసెంబర్‌లో వాళ్ళు హార్వీస్ బెస్ట్ పంపు తీసేసి తమ సొంత బీరు పెట్టుకున్నారు. అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేది బెస్టే అయినా సరే. పాత ఖాతాదారులు లోపలికి వెళ్ళడం మానేశారు. మానేసి ఇంట్లో కూర్చోలేదు, బయట చలిలో నిలబడి, వచ్చేవాళ్ళకి విషయం చెప్పి వెనక్కి పంపారు. రాళ్ళు రువ్వింది లేదు. ఖాళీ కుర్చీలు, మోగని గల్లాపెట్టె, అంతే. 133 రోజులు సాగింది. 2007 ఏప్రిల్‌లో గ్రీన్ కింగ్ దిగొచ్చి హార్వీస్‌ని తిరిగి పెట్టింది. ఆ గ్రీన్ కింగ్‌ని 2019లో హాంకాంగ్ కంపెనీ సీకే అసెట్ కొనేసింది, అది వేరే కథ.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రైడ్ యజమాని మారినప్పుడు పబ్బుల ముందు ఎవరూ చలిలో నిలబడలేదు. బెస్ట్ యజమాని మారనేలేదు, పంపు మాయమైంది, అంతే. ఊరు ఊరంతా బయట నిలబడింది. జనానికి ఎక్కడ నొప్పెడుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. నాకు అది పిచ్చితనంగా అనిపించదు. అసలు ప్రమాదం ఉన్నది కూడా ఆ పంపు దగ్గరే.

ఇందాక తర్వాత వస్తానన్న ఫిర్యాదు ఇదే. క్విజ్ అయ్యాక గ్లాసులు సర్దుతున్న పబ్ ఆయన్ని అడిగాను, ఈ ఏడు ఎవరు ఎంచుతారని. ఎంచుకునేది నేనే, లిస్టు మాత్రం వాళ్ళిస్తారు అన్నాడు. బ్రిటన్‌లో చాలా పబ్బులు ఇలా కట్టుబడి ఉంటాయి: భవనం ఒక కంపెనీది, నడిపేది అద్దెకి తీసుకున్న మనిషి, బీరు మాత్రం ఆ కంపెనీ ద్వారానే కొనాలి. బయట మార్కెట్‌లో కన్నా పీపాకి ఎక్కువ పడుతుంది, బదులుగా అద్దె తక్కువ ఉండాలన్నది ఒప్పందం. 1989లో ప్రభుత్వం బ్రూవరీలు ఇన్ని పబ్బులు గుప్పిట్లో పెట్టుకోవద్దని, రెండు వేలు దాటినవాళ్ళు కొన్నిటిని వదులుకోవాలని ఉత్తర్వు తెచ్చింది. వదిలిన పబ్బులు చాలావరకు పబ్ కంపెనీల చేతుల్లోకి వెళ్ళాయి, కట్టుబాటు పోలేదు. 2016లో వచ్చిన పబ్స్ కోడ్ అనే నియమావళి పెద్ద కంపెనీల అద్దెదారులకి మార్కెట్ అద్దె కట్టి బయటపడే దారి ఒకటి ఇచ్చింది. మా ఆయన్ని, అంటే పబ్ ఆయన్ని, ఆ దారి ఎందుకు పట్టలేదని అడిగితే కొత్త అద్దె ఎంతడుగుతారో నీకు తెలుసా అన్నట్టు చూశాడు. హైనెకెన్‌కి అయితే సొంతంగానే ఈ దేశంలో రెండు వేలకి పైగా పబ్బులున్నాయి.

ఆ లిస్టులో క్రాఫ్ట్, అంటే చిన్న బ్రూవరీల తరహా బీరు, అన్న గడిలో హెల్స్, నెక్ ఆయిల్ ఉంటాయి. రెండు పెట్టుకుంటే క్రాఫ్ట్ కోటా నిండినట్టే. ఖాతాదారు అడిగితే చూపించడానికి పుర్రె ఉంది, పేటలోని చిన్న బ్రూవరీ మనిషి వచ్చి నా బీరు పెట్టు అంటే చోటు లేదు. పెద్దవాళ్ళు కూలర్, పైపులు, బ్రాండ్ గ్లాసులు, రిపేరు మనిషి అన్నీ పంపగలరు. చిన్నవాడు తన వ్యాన్‌లో ఒక పీపా తెస్తాడు, దాని ధర కూడా ఎక్కువే. లండన్‌లో రైల్వే వంతెనల ఆర్చిల కింద చిన్న బ్రూవరీలవాళ్ళు అంత మంచి బీరు కాస్తుంటే, అడుగు దూరంలో ఉన్న పబ్‌లో అది దొరకదు. మొన్న శనివారం పేటలోనే ఉన్న అలాంటి ఒక చోట తాగిన పేల్ ఏల్ నెక్ ఆయిల్‌ని అన్ని విధాలా మించింది. మా పబ్‌కి అది ఎప్పటికీ రాదు. హెల్స్ మీద నా కోపమంతా ఇంతే: అది బాగుంది, అందుకే దాని పక్కన ఇంకొకదానికి అవసరం కనబడదు.

మూడో చేతి పంపు ఒక్కటే పబ్ ఆయన సొంత నిర్ణయం. ఒప్పందంలో ఆ ఒక్క గెస్ట్ బీరు మీద పోరాడి తెచ్చుకున్నానంటాడు. ఈ వారం దాని మీద థార్న్‌బ్రిడ్జ్ వాళ్ళ జైపూర్ ఉంది. పేరు చూసి మా ఆయన కోబ్రా పక్కన పెట్టి ఒక హాఫ్ తాగాడు, అదే పెద్ద విశేషం. డార్బీషైర్ బ్రూవరీ, ఎవరికీ అమ్ముడుపోనిది. 5.9 శాతం, తేనె, నిమ్మ, చివర గట్టి చేదు; తేలిగ్గా దిగుతుంది కాబట్టి ఒకటితో ఆపడం మంచిది, మర్నాడు డ్యూటీ ఉన్నవాళ్ళు హాఫ్‌తో. కార్ల్స్‌బర్గ్ మార్స్టన్స్ 2024లో బర్టన్‌లోని పాత యూనియన్ పీపాల పద్ధతిని, అంటే పైపులతో కలిపిన పీపాల వరసలో బీరు పులియబెట్టడాన్ని, ఆపేసినప్పుడు, ఆ పీపాల్లో ఒక సెట్‌ని తెచ్చుకుని దానిలో బీరు కాస్తున్నది కూడా వీళ్ళే. తొమ్మిదికి కొంచెం తక్కువ.

వెళ్ళదలచినవాళ్ళకి: పైంట్ ఆరు పౌండ్ల పైమాటే, కాస్క్ అయితే కెగ్ కన్నా కొంచెం తక్కువ పడుతుంది. ముందు మూడో పంపు మీద ఏముందో అడగండి, రుచి చూడటానికి ఒక గుటక ఊరికే పోస్తారు. అది నచ్చకపోతే హార్వీస్. ఎండగా ఉంటే హెల్స్, నేనేమీ అనుకోను. చిన్న బ్రూవరీ బీరు కావాలని బార్ దగ్గర గట్టిగానే అడగండి, లేదన్నా సరే. ఎవరైనా అడుగుతున్నారా అని లిస్టు ఇచ్చేవాళ్ళు అడిగినప్పుడు చెప్పుకోవడానికి ఆయనకి ఒక మాట ఉంటుంది. తినడానికి ఉప్పు వేరుశెనగలు తప్ప చెప్పుకోదగ్గవి లేవు. క్విజ్ ఎనిమిదింటికి, కిటికీ పక్క టేబుల్ మాది.